స్నేహితుడికి అప్పిచ్చాక నమ్మకం మిగులుతుందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఇంజనీరింగ్ హాస్టల్లో నాలుగేళ్లు ఒకే గదిలో ఉన్న స్నేహితుడికి నాలుగు లక్షలు చేబదులిచ్చారు. ఆరు నెలల్లో ఇస్తానన్నవాడు ఏడాదిన్నర దాటినా ఇవ్వలేదు, ఇప్పుడు ఫోన్ కూడా ఎత్తడం లేదు. ఈలోగా ఆఫీసులో మీతో కలిసి పనిచేసే ఇంకో స్నేహితుడు బ్యాంకు అప్పుకి హామీ సంతకం పెట్టమంటున్నాడు. "అసలు మనుషుల మధ్య నిజమైన స్నేహం, నమ్మకం ఉంటాయా? లేక అవసరం తీరేదాకేనా?" అని అడిగారు.

ఉంటాయి. మిమ్మల్ని ఓదార్చడానికి అనడం లేదు. నేను గ్రామీణ బ్యాంకులో ఫీల్డ్ ఆఫీసరుగా చేరి మేనేజరుగా రిటైరయ్యాను. ఎక్కువ కాలం నెల్లూరు, ప్రకాశం జిల్లాల పల్లెల్లోనే గడిచింది. పొలం కాగితాలో, బంగారమో పెట్టి అప్పు తీసుకునేవాళ్ల దగ్గర బ్యాంకుకి నమ్మకంతో పెద్దగా పనిలేదు, తాకట్టు చూసుకుంటే సరిపోతుంది. నా పనిలో సింహభాగం తాకట్టు పెట్టడానికి ఏమీ లేని ఆడవాళ్లతో. సెంటు భూమి ఉండదు, చెవులకున్న కమ్మలు కూడా గిల్టువి. వాళ్లకి అప్పివ్వాలంటే, వాళ్లతో కూర్చున్న మిగతా పదిమంది వాళ్లని నమ్ముతున్నారా లేదా అన్నదొక్కటే ఆధారం. ఆ నమ్మకం నిలబడటమూ చూశాను, కుప్పకూలడమూ చూశాను. ఎక్కడ నిలబడుతుందో, ఎందుకు కూలుతుందో కొంత అర్థమైంది కాబట్టి రాస్తున్నాను.

ముందు మీ స్నేహితుడి సంగతి. "వాణ్ణి నన్ను నమ్ముకున్నట్టే నమ్మాను" అని రాశారు. ఏ విషయంలో నమ్మారు? మీకు డెంగీ వచ్చినప్పుడు మూడు రాత్రులు ఆస్పత్రిలో మీ మంచం పక్కనే ఉన్నాడని కూడా మీరే రాశారు. అతను డబ్బు తిరిగివ్వనంత మాత్రాన ఆ మూడు రాత్రులు అబద్ధమైపోవు. అప్పుడు మీ మీద అతనికున్న ప్రేమ నిజమే అయివుండాలి. కాకపోతే హాస్టల్లో మీ ఇద్దరిదీ ఇంటి నుంచి వచ్చే డబ్బు. అతను సొంత సంపాదనని ఎలా ఖర్చు పెడతాడో, బాకీ పడితే ఎలా ప్రవర్తిస్తాడో, చెప్పుకోలేని ఇబ్బంది వస్తే ఏం చేస్తాడో చూసే అవకాశం మీకు రాలేదు. చూసినది ప్రేమ, నమ్మి ఇచ్చినది డబ్బు. ఈ రెంటినీ కలిపి ఒకటే అనుకోవడం మనవాళ్లలో చాలా ఎక్కువ. మంచివాడు అనుకున్నాక అన్నిట్లోనూ మంచివాడే, ఒక్కచోట మాట తప్పితే ఇక అన్నిట్లోనూ దొంగే. మనిషిని ఇలా మొత్తంగా నమ్మడం, మొత్తంగా కొట్టిపారేయడం వల్లే మీరు అడిగిన ప్రశ్న పుడుతుందని నాకనిపిస్తుంది.

బ్యాంకులో అప్పు అర్జీ చూసేటప్పుడు రెండు విషయాలు విడివిడిగా చూడమని మాకు నేర్పారు. తిరిగి కట్టాలనే మనసుందా? కట్టగలిగే స్తోమత ఉందా? మనసుండి స్తోమత లేనివాళ్లుంటారు, స్తోమత ఉండి మనసు లేనివాళ్లూ ఉంటారు. ఇద్దరి బాకీ పుస్తకంలో ఒకే గడిలో పడుతుంది, కానీ వాళ్లిద్దరూ ఒకటి కాదు. ఈ రెండూ పాఠాల్లో ఉన్నవి. మూడోది మాకు పల్లెల్లో తిరిగితే తెలిసింది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనదీ అదే. కట్టలేని రోజు వచ్చినప్పుడు ఆ మాట వాయిదాకి ముందే వచ్చి చెప్పగలడా?

కావలి వైపు ఒక ఊళ్లో జరిగింది చెబుతాను. బడి వరండాలో పొదుపు సంఘం మీటింగు. కూలి పనుల నుంచి వచ్చి, పొయ్యి మీద ఎసరు పెట్టి, పిల్లని చూడమని అత్తకి చెప్పి వచ్చిన ఆడవాళ్లు గుండ్రంగా కూర్చుంటారు. మధ్యలో చిన్న ఇనప పెట్టె. పెట్టె ఒకరి ఇంట్లో ఉంటుంది, తాళం చెవి ఇంకొకరి కొంగున ఉంటుంది. చాలామందికి చదువు రాదు. పదో తరగతి చదివే ఒక పిల్ల పుస్తకం రాసేది. ఒక్కొక్కరూ డబ్బు మధ్యలో పెడుతుంటే లీడరమ్మ అందరికీ వినపడేలా లెక్కపెట్టేది, ఆ పిల్ల "అసలు రెండొందలు, వడ్డీ ఇరవై, పొదుపు ముప్పై" అని పైకి చదివి మరీ రాసేది. ఎవరి అప్పు ఎంత మిగిలిందో వరండాలో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలుసు. రాసింది చదువుకోలేనివాళ్లకి విన్నదే రసీదు.

ఆ రోజు ఒకామె వంతు వచ్చింది. ఆమె దగ్గర డబ్బు లేదు. అయితే ఆ సంగతి లీడరమ్మకి అప్పుడే తెలియలేదు. ముందురోజు రాత్రే వాళ్లింటికి వెళ్లి, "అక్కా, కాయ పీకిన కూలి ఇంకా రాలేదు. రేపు కట్టలేను, అందరి ముందు నువ్వు ఉలిక్కిపడకూడదని ముందే చెప్తన్నా" అందట. మీటింగులో మిగతావాళ్లు ఊరికే ఒప్పుకోలేదు. "మొన్నే పిల్లకి పట్టీలు కొన్నావు కదా?" అని ఒకామె మొహం మీదే అడిగింది. "అవి మా అన్న పండక్కి పంపినవి, కావాలంటే అన్నకి ఫోన్ చెయ్యి" అని ఈమె సమాధానం. అడిగినామె మొహంలో వెటకారం లేదు, ఈమె గొంతులో రోషం లేదు. రెండు వాయిదాలు ఆగుదామని తీర్మానం రాశారు, సంతకం వచ్చినవాళ్లు సంతకాలు పెట్టారు, రానివాళ్లు వేలిముద్రలు వేశారు. చెప్పిన గడువుకి ఆమె కట్టింది.

అదే సంఘంలో ఇంకొకామె ఉండేది. ఒక్క వాయిదా తప్పలేదు. మా బ్యాంకు పుస్తకాల్లో ఆమె ఆదర్శ సభ్యురాలు. ఒక నెల హఠాత్తుగా మీటింగుకి రావడం మానేసింది. ఆరా తీస్తే, భర్త ఆస్పత్రి ఖర్చులకి ఊళ్లో వడ్డీ వ్యాపారి దగ్గర నూటికి ఐదు రూపాయల వడ్డీకి తెచ్చింది, సంఘం వాయిదా తప్పకూడదని మళ్లీ అతని దగ్గరే తెచ్చి కడుతూ వచ్చింది. మాట పోతుందని ఎవరికీ చెప్పలేదు. సంఘం మొత్తం వాళ్లింటికి వెళ్లింది. నేనూ వెళ్లాను. ఆమె తలుపు చాటునే నిలబడింది, బయటికి రాలేదు. లీడరమ్మ గుమ్మంలోనే చతికిలబడి, "డబ్బు సంగతి కాదే నన్ను కోసేది, నాలుగు నెలలు నా పక్కన కూర్చుని నాకు చెప్పలేదు చూడు, అది" అంది. ఆ తర్వాత పొదుపు సొమ్ములోంచి ఆమెకి తక్కువ వడ్డీకి అప్పిచ్చి వడ్డీ వ్యాపారి బాకీ తీర్పించారు. కానీ ఆమె మళ్లీ ఆ గుంపులో కలిసిపోవడానికి చాలాకాలం పట్టింది. మొదటామె ఆ రోజు డబ్బు కట్టకపోయినా ఆమె మీద నమ్మకం పెరిగింది. రెండోఆమె ప్రతి పైసా కట్టినా తగ్గింది. ఆ సంఘంలో ఎవరినడిగినా ఈ తేడా చెప్పగలరు.

అందుకే మీ స్నేహితుడు డబ్బు ఇవ్వకపోవడాన్ని నేను అంత పెద్ద తప్పుగా చూడను. ఫోన్ ఎత్తకపోవడమే పెద్దది. "నా దగ్గర లేదురా, ఎప్పటికిస్తానో తెలీదు" అని చెప్పడానికి కావలసింది డబ్బు కాదు కదా. అయితే ఇందులో రెండో సగం కూడా ఉంది. ఆ మాట వినేవాళ్లు ఎలా వింటారన్నది. ఆ వరండాలో పట్టీల గురించి మొహం మీదే అడిగారు, కానీ అడిగి అక్కడితో వదిలేశారు. మర్నాడు బావి దగ్గర ఆ సంగతి ఎత్తలేదు. చెప్పుకుంటే పరువు పోదు అన్న ధైర్యం ఉంటేనే మనిషి ముందే వచ్చి చెబుతాడు. మీరు ఆ అవకాశం ఇవ్వలేదని నేను అనడం లేదు, మీ ఇద్దరి మధ్య ఏం జరిగిందో నాకు తెలీదు. మన ఇళ్లలో మగపిల్లల్ని పెంచే తీరు గుర్తుచేస్తున్నాను, అంతే. డబ్బు లేదని ఒప్పుకోవడం కంటే ఊరు వదిలిపోవడం నయం అనుకునేలా పెంచుతాం. స్నేహితుడి దగ్గర కూడా "పర్లేదు మామా, అంతా సెట్" అనే అలవాటులో ఉన్నవాడు ఇబ్బందిలో పడితే ముందుగా తెగేది ఫోనే.

ఈ సంఘాలు ఎక్కడి నుంచి వచ్చాయో చెబితే మీ ప్రశ్నకి ఇంకో కోణం తెలుస్తుంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో సారాకి వ్యతిరేకంగా ఆడవాళ్లు కదిలారు. అక్షరాస్యత తరగతుల్లో రాత్రిళ్లు కలిసి కూర్చోవడం వల్లే తమ బాధ ఒక్కటేనని వాళ్లకి తెలిసింది. ఆ ఉద్యమం జిల్లా అంతా, ఆ తర్వాత రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరులో ప్రభుత్వం సారాని నిషేధించింది. ఆ ఊపులోనే రోజుకి ఒక రూపాయి పొదుపు మొదలైంది, పొదుపులక్ష్మి అని పేరొచ్చింది. దేశస్థాయిలో వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డు కూడా 1992లోనే 500 సంఘాలకి బ్యాంకు అప్పులిప్పించే ప్రయోగం మొదలుపెట్టింది. రోజుకి రూపాయంటే నెలకి ముప్పై. సంఘం పెట్టి కనీసం ఆరు నెలలు సవ్యంగా నడిచాకే బ్యాంకు అప్పుకి మేము చూసేవాళ్లం. ఆ ఆరు నెలల్లో వాళ్లు పోగేసిన డబ్బు లెక్కలోకి రానంత చిన్నది. మేము చూసేది డబ్బుని కాదు. మీటింగులు క్రమంగా జరిగాయా, పొదుపు క్రమంగా వేశారా, అందులోంచే ఒకరికొకరు అప్పులిచ్చుకున్నారా, తిరిగి కట్టారా, పుస్తకాలు రాశారా, ఈ ఐదూ చూస్తాం. పంచసూత్రాలు అనేవాళ్లం. ముప్పై రూపాయల దగ్గర మాట నిలబెట్టుకున్నామె మూడు వేల దగ్గర నిలబెట్టుకుంటుందా అని చూస్తాం, ఆ తర్వాతే ముప్పై వేలు. ఏ మెట్టూ దాటేయనివ్వం.

మీరు హాస్టల్ స్నేహం నుంచి ఒక్క అడుగులో నాలుగు లక్షలకి వెళ్లారు. మధ్యలో ఐదు వేలు, ఇరవై వేలు ఏమీ లేవు.

ఇదంతా విని పల్లెటూరి ఆడవాళ్లు సహజంగానే ఒకరినొకరు నమ్ముతారని అనుకోకండి. అలా అనుకుని వ్యాపారం చేసినవాళ్లు ఉన్నారు. 2010 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు సూక్ష్మ రుణ సంస్థలు వీధి వీధికీ వచ్చేశాయి. వాళ్లదీ గుంపు పద్ధతే. ఐదుగురో పదిమందో ఒకరికొకరు పూచీ. కాగితం మీద చూస్తే మా సంఘాలకీ వాటికీ తేడా కనపడదు. కానీ ఆ గుంపుని ఏజెంటు ఒక్క పూటలో కూర్చోబెట్టేవాడు. వీధిలో ఎవరు దొరికితే వాళ్లు. కలిసి పొదుపు చేసింది లేదు, ఒకరి లెక్క ఒకరు విన్నది లేదు. ఒక్కొక్కరికీ రెండు మూడు సంస్థల్లో అప్పులు. వారం వారం వసూలు. ఒకరు కట్టకపోతే మిగతావాళ్లని కదలనిచ్చేవాళ్లు కాదు, వాళ్ల చేతే తిట్టించేవాళ్లు. పక్కింటామె గుమ్మంలో కూర్చుని శాపనార్థాలు పెట్టడం నేను చూశాను. ఆమె చెడ్డది కాదు. ఆమె వాయిదా కూడా ఆగిపోతుందనే భయం. ఆత్మహత్యల వార్తలు వచ్చాయి. ఆ ఏడాది అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి ఇళ్ల దగ్గర వసూళ్లకి అడ్డుకట్ట వేసింది. ఆ రోజులు తలచుకుంటే ఇప్పటికీ కడుపు రగులుతుంది. ఒకే వీధి, వాళ్లే మనుషులు. ఒకచోట ఒకరినొకరు కాచుకున్నారు, ఇంకోచోట ఒకరినొకరు పీక్కుతిన్నారు. మనిషి స్వభావమే మోసం అని తేల్చేసేవాళ్లని ఆ రెండు వరండాల్లోనూ కూర్చోబెట్టాలనిపిస్తుంది నాకు. నమ్మకానికి మంచితనం ఒక్కటే చాలదు, దానికి కాలం కావాలి, ఎదురెదురుగా కూర్చోవడం కావాలి, తప్పితే సర్దుకునే వెసులుబాటు కావాలి. అవి తీసేస్తే మంచివాళ్లు కూడా నిలబడలేరు.

చదువుకున్నవాళ్లు ఈ సంగతిని వేరే దారిలో కనుక్కున్నారు. రాబర్ట్ ఆక్సెల్‌రాడ్ అనే అమెరికన్ రాజనీతి శాస్త్రవేత్త 1980 ప్రాంతంలో కంప్యూటర్ ప్రోగ్రాముల మధ్య పోటీ పెట్టాడు. ఒకదానితో ఒకటి సహకరించాలా, మోసం చెయ్యాలా అని ప్రతి ప్రోగ్రామూ పదే పదే తేల్చుకోవాలి. అందరికంటే చిన్న ప్రోగ్రాము గెలిచింది. అనటోల్ రాపొపోర్ట్ అనే ప్రొఫెసరు రాసిన ప్రోగ్రాము అది. ముందు సహకరిస్తుంది, ఎదుటివాడు దెబ్బతీస్తే వెంటనే అలాగే బదులిస్తుంది, అతను దారికొస్తే అది కూడా మళ్లీ సహకరిస్తుంది. పగ పెట్టుకోదు, గుడ్డిగా నమ్మదు. అయితే మళ్లీ మళ్లీ ఎదురుపడతామన్న పరిస్థితి ఉంటేనే ఇది పనిచేస్తుంది. ఇదే ఆఖరిసారి అని తెలిస్తే మోసానికే లాభం. మీ స్నేహితుడు మీకు అప్పుపడ్డాక మీరెన్నిసార్లు ఎదురెదురుగా కలిశారు? అతను పుణెలో, మీరు హైదరాబాద్‌లో అని రాశారు. హాస్టల్లో అయితే రాత్రి అదే గదికి రాక తప్పదు. ఇప్పుడు ఒక నంబరు బ్లాక్ చేస్తే సరిపోతుంది.

ఇంకొకటి. కాన్సాస్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ హాల్ 2018లో ఒక పరిశోధన ప్రచురించాడు. కొత్తగా పరిచయమైన ఇద్దరు మామూలు స్నేహితులు కావడానికి సుమారు 50 గంటలు, దగ్గరి స్నేహితులు కావడానికి 200 గంటలకి పైగా కలిసి గడపాల్సి వస్తుందని అందులో తేలింది. ఆఫీసులో పక్క పక్కన పనిచేసిన గంటలు అంతగా లెక్కకి రావట, కబుర్లతో, సరదాగా గడిపిన సమయమే పనికొస్తుందట. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారని మనవాళ్లు ఊరికే అనలేదు. ముప్పై దాటాక స్నేహితులు దొరకడం లేదని చాలామంది బాధపడతారు. మనుషులు చెడిపోయి కాదు, ఆ గంటలు ఎవరి దగ్గరా లేక.

ఈ మాట వస్తే తెలుగువాళ్లందరూ బాపు-రమణల పేరు చెబుతారు. అరవై ఏళ్లకి మించిన స్నేహం, చెన్నైలో రెండు కుటుంబాలూ ఒకే ఇంట్లో. 2011లో రమణగారు పోయారు, 2014లో బాపుగారు పోయారు. అలాంటి స్నేహం ఉందని తెలియడమే ఒక ధైర్యం. కానీ దాన్ని కొలబద్దగా పెట్టుకుని మీ స్నేహాలని కొలిస్తే అన్నీ తక్కువే అవుతాయి, ఉన్నవాటిని కూడా పారేసుకుంటారు. వాళ్లు పిల్లలుగా కలిశారు, జీవితమంతా ఒకే పనిలో ఉన్నారు, ఇళ్లూ కలిపేసుకున్నారు. నేను పైన చెప్పిన గంటలు వాళ్ల దగ్గర ఎన్ని వేలున్నాయో ఊహించుకోండి.

నేను చూసిన నమ్మకానికి ఒక హద్దు ఉండేది, అది దాచకూడదు. సంఘాలు ఎక్కువగా ఒకే వీధి వాళ్లతో ఏర్పడేవి, మన ఊళ్లలో వీధి అంటే కులమే. మాలపల్లి సంఘం వేరు, ఊళ్లో సంఘం వేరు. వాళ్లలో వాళ్లకి ప్రాణమిచ్చేంత నమ్మకం, వీధి దాటితే అనుమానం. ఊళ్లోని సంఘాలన్నీ కలిసిన గ్రామ సంఘం మీటింగుల్లో అందరూ ఒకే చాప మీద కూర్చోవడం మొదలయ్యాక కొన్ని చోట్ల ఆ గీత కాస్త చెరిగింది. ఒక ఊళ్లో ఎస్సీ కాలనీ ఆమె పుస్తకాలన్నిటికీ లెక్కలు రాసేది, పెద్ద రైతు భార్య కూడా తన లెక్క సరిచూసుకోవడానికి ఆమె ఇంటికే వెళ్లేది. అంతకుముందు ఆ గుమ్మం తొక్కి ఎరగదామె. చాలా ఊళ్లలో అలా జరగలేదు. నిజమైన స్నేహం సాధ్యమా అని అడిగినప్పుడు ఎవరి మధ్య అన్నది కూడా అడగాలి. మనం స్నేహితులుగా ఎంచుకునేవాళ్లలో చాలామంది మనలాంటివాళ్లే.

ఇక మీరు చెయ్యాల్సినవి.

పుణె వెళ్లండి. ఫోన్, మెసేజ్, కామన్ ఫ్రెండ్ ద్వారా కబురు, ఇవన్నీ అతన్ని ఇంకా దూరం తోస్తాయి. వెళ్లాక మొదట డబ్బు అడగకండి, అతని లెక్క అడగండి. జీతమెంత, వాయిదాలెన్ని, ఇంకా ఎవరెవరికి బాకీ. నా అనుభవంలో ఫోన్ ఎత్తనివాడికి బాకీ ఒక్కరికే ఉండటం అరుదు. ఆన్‌లైన్ లోన్ యాప్‌లో, బెట్టింగో, ఇంట్లో ఎవరి జబ్బో, ఏదో ఒకటి కింద ఉంటుంది. విషయం తెలిశాక అతను కట్టగలిగేంత చిన్న వాయిదా పెట్టుకోండి. నెలకి ఐదు వేలైనా సరే. నాలుగు లక్షలకి అది ఏళ్లు పడుతుంది, తెలుసు. కానీ నెలనెలా ఆ ఐదు వేలు రావడమే మీ ఇద్దరి మధ్య మిగిలిన తాడు. కట్టలేని నెల ఉంటే ముందే చెప్పమనండి, చెబితే ఒక్క మాట కూడా అనకండి.

దాంతోపాటు కాగితం రాయించుకోండి. స్నేహితుడి దగ్గర కాగితమేంటని మొహమాటపడొద్దు. ఆ సంఘాల్లో తోడికోడళ్లు, తల్లీకూతుళ్లు ఒకరికొకరు సంతకాలు పెట్టుకునేవాళ్లు, ఎవరూ చిన్నబుచ్చుకోలేదు. జ్ఞాపకం మనకి అనుకూలంగా మారిపోతుంటుంది, ఇచ్చినవాడికి ఒకలా గుర్తుంటుంది, పుచ్చుకున్నవాడికి ఒకలా గుర్తుంటుంది. రాత ఉంటే ఆ గొడవ రాదు. చట్టం కూడా చూసుకోండి. అప్పు వసూలుకి దావా వెయ్యడానికి గడువు మూడేళ్లు. అప్పిచ్చిన రోజు నుంచే లెక్కేసుకోవడం క్షేమం. మీకు సగం అయిపోయింది. గడువు దాటకముందే బాకీ ఉన్నట్టు అతను రాసి సంతకం పెడితే, ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు మొదలవుతాయి. కొంత సొమ్ము కట్టి, ఆ సంగతి తన చేత్తో రాసి సంతకం చేసినా అంతే. నోటు వెనక చెల్లు రాయించడమని మన పెద్దవాళ్లు అనేది ఇదే. మీరు బ్యాంకు ఖాతా నుంచి పంపారు కాబట్టి ఆధారం ఉంది, ఆ స్టేట్‌మెంటు, మెసేజీలు చెరపకండి. ఇకముందు ఎవరికిచ్చినా అలాగే ఇవ్వండి. 20,000 రూపాయలు, ఆపైన అప్పుని నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం కూడా కుదరదు.

మీరు వెళ్లినా అతను తలుపు తీయకపోతే, లేదా స్తోమత ఉండీ ఇవ్వకపోతే లాయరు నోటీసు ఇప్పించండి. స్నేహానికి అది ద్రోహం కాదు. స్తోమత ఉన్నవాడి దగ్గర ఊరుకోవడం మంచితనం అనిపించుకోదు. అతని చేతిలో ఇంకొకరు కూడా పడతారు.

ఇప్పుడు మీ ఆఫీసు స్నేహితుడు, హామీ సంతకం. సంతకం పెట్టేవాళ్లలో చాలామంది తాము సాక్షి సంతకం పెడుతున్నామనుకుంటారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే, హామీదారుడి బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం. ముందు అతని మీద దావా వేసి, అతని దగ్గర రాకపోతేనే మీ దగ్గరకి రావాలన్న నియమం బ్యాంకుకి లేదు. నేరుగా మీ దగ్గరకే రావచ్చు. ఆ అప్పు మీ క్రెడిట్ రిపోర్టులో కనపడుతుంది, రేపు మీ ఇంటి లోనుకి అడ్డం రావచ్చు. డబ్బు అతని చేతికి వెళ్లిపోయాక నాకు ఇష్టం లేదని తప్పుకోవడం కుదరదు. మీరు కట్టాల్సి వస్తే, కట్టినదాన్ని అతని దగ్గర రాబట్టుకునే హక్కు మీకుంటుంది. కానీ బ్యాంకే రాబట్టలేని చోట ఆ హక్కు కాగితం మీదే మిగలొచ్చు.

అయినా సంతకం పెట్టకండని నేను అనను. నా సర్వీసులో హామీ సంతకాల వల్ల నిలబడ్డ కుటుంబాలనీ చూశాను. పొలం లేని ఇంటి పిల్లాడు ఎవరో ఒకరి సంతకంతోనే ఆటో కొనుక్కుని, ఆ తర్వాత చెల్లెలి పెళ్లి చేశాడు. లోకంలో ఎవరూ ఎవరికీ సంతకం పెట్టకపోతే అప్పు ఉన్నవాళ్లకే పుడుతుంది.

కాబట్టి మీ స్నేహితుణ్ణి కూర్చోబెట్టి అడగండి. అప్పు దేనికి? బ్యాంకు మంజూరు పత్రం చూపించగలడా? జీతంలోంచి ఇప్పటికే ఎన్ని వాయిదాలు పోతున్నాయి? ఉద్యోగం పోతే మొదటి మూడు నెలలు ఎలా కడతాడు? భార్యకి ఈ అప్పు సంగతి తెలుసా? ఈ చివరిది తప్పకుండా అడగండి. ఇంట్లో దాచిన అప్పు మీ దగ్గర కూడా దాగుతుంది. మీరు అడుగుతుంటే అతను నొచ్చుకోవచ్చు, ఆ మాత్రం ఎవరైనా నొచ్చుకుంటారు. నొచ్చుకుని, మర్నాడైనా కాగితాలు తెచ్చి ముందు పెడతాడా, లేక "నన్ను నమ్మవా?" అని మాట మార్చేస్తాడా చూడండి. రెండోదైతే పెట్టకండి, ఎంత దగ్గరివాడైనా సరే. మొదటిదైతే ఇంకొక్కటి చూసుకోండి. ఆ అప్పంతా మీరే కట్టాల్సి వస్తే మీ ఇల్లు గడుస్తుందా, అప్పుడు కూడా అతనితో కలిసి టీ తాగగలరా? రెంటికీ అవునన్నది మీ సమాధానమైతే సంతకం పెట్టండి. పెట్టాక బ్యాంకు నుంచి హామీ పత్రం కాపీ అడిగి తీసుకోండి, ఏ వాయిదా ఆలస్యమైనా మీకు ముందే చెప్పాలని అతని దగ్గర మాట తీసుకోండి.